ఇత్తడమ్మ నడుముకు ఏడు పోగులు

ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్
జులై 28, 2025

వదినగారికి రత్నం నమస్కారాలు.

మీ నమ్రతకూ మా కిరణ్‌కుమార్‌కూ పెళ్లయి ఏడేళ్లయింది. ఈ ఏడేళ్లలో మనిద్దరం ఉత్తరం రాసుకోవడం ఇదే మొదలు. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని మీరు అనుకుంటారు. మీ వాట్సాప్‌కి ఏది పెట్టినా వంటింటి గోడకున్న ఐప్యాడ్ మీద ఇంటిల్లిపాదికీ కనిపిస్తుంది. ఫోన్ చేస్తే మీరు స్పీకర్‌లో పెడతారు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. పోస్టు డబ్బా తాళంచెవి ఫ్రిజ్ పక్కన కొక్కేనికి ఉంటుంది. కిరణ్, నమ్రత దాని జోలికి పోరు. కాబట్టి ఇది మీ చేతికే వస్తుందని నా ధైర్యం.

నేను ఆరు నెలలు డబ్లిన్‌లో వాళ్లతో ఉండి, జూన్ ఆఖరున పెద్దవాడు రవికాంత్ దగ్గరికి వచ్చేశాను. వారం తిరక్కుండా మీరు అక్కడ దిగారు. నిన్న వీడియో కాల్‌లో మీ వెనక హాల్లోని అల్మరా కనిపించింది. పైఅరలో ఉండాల్సిన ఇత్తడి బొమ్మ కనిపించలేదు. జానెడు ఎత్తుంటుంది. కుర్చీలో కూర్చున్న ఆడమనిషి, ఒళ్లో పసిబిడ్డ. మొహం నల్లగా ఉంటుంది. నడుముకు ఏడు పోగులు కట్టి ఉంటాయి.

దాన్ని ఎక్కడ పెట్టారో అక్కడి నుంచి తీసి మళ్లీ పైఅరలోనే, గుమ్మం వైపు మొహం ఉండేట్టు పెట్టండి. తోమకండి. పోగులు విప్పకండి. నమ్రతను దాని గురించి ఏమీ అడగకండి. మిమ్మల్ని నేను అడుగుతున్న మొదటి సహాయం ఇది.

కిరణ్ పెరుగన్నంలో పంచదార వేయమంటాడు. వేయకండి, వాడికి షుగర్ అంచున ఉంది.

ఉంటాను,
రత్నం


డబ్లిన్, కాలిఫోర్నియా
ఆగస్టు 4, 2025

రత్నం వదినగారికి రాధారాణి నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం అందింది. అందులో మేం ఎలా ఉన్నామన్న ముక్క ఒక్కటి లేదు. ఉన్నవన్నీ ఆజ్ఞలే. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను గానీ, అటెండరుకు కూడా నేనెప్పుడూ ఇలాంటి చీటీ రాయలేదు.

ఇక మీ బొమ్మ సంగతి. మీరు కాస్త ఆలస్యంగా రాశారు. శ్రావణమాసం వచ్చింది, ఈ శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఇంట్లో ఇత్తడి సామానంతా సింకులో వేసి, చింతపండూ ఉప్పూ పెట్టి తోముతూ దాన్నీ తోమాను. ఆ మసి వదలడానికి నాలుగుసార్లు పట్టింది, గోళ్లు అరిగిపోయాయి. నడుముకు జిడ్డోడుతూ దారపు ముక్కలుంటే కత్తెరతో కత్తిరించి చెత్తలో వేశాను. ఇప్పుడు తళతళలాడిపోతోంది, చూస్తే మీరే గుర్తుపట్టరు.

మసి వదిలాక తెలిసింది, అది మన దేవతే కాదని. ఆ కళ్లు, ఆ కిరీటం, ఆ పొడుగు చేతుల అంగీ చూస్తే చైనావాళ్ల బొమ్మని చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. షోపీసు! దానికి మీరు ఆరు నెలలు కుంకుమ పెట్టారంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. షోపీసును దానికి తగిన చోటే పెట్టాను. గుమ్మం దగ్గర చెప్పుల స్టాండు మీద ఉంది. నమ్రత చూసి "థ్రెడ్స్ ఏవమ్మా?" అంది. పారేశానన్నాను. అసలవి ఏమిటని అడగబోయి, అడగవద్దన్న మీ ఉత్తరం గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఇంకో మాట. మీరు ఆరు నెలలూ అల్లం టీ అలవాటు చేసి వెళ్లినట్టున్నారు. నమ్రత నా ఫిల్టర్ కాఫీ ముట్టుకోవడం లేదు. వాసన పడటం లేదట! ఇంటర్మీడియట్ నుంచి నా చేతి కాఫీ తాగకుండా పుస్తకం తెరవని పిల్ల.

మీకు గ్రీన్‌కార్డ్ ఉంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి ఉండగలరు. నాకు ఆరు నెలల గడువు. ఈ ఆరు నెలలైనా నా కూతురి ఇల్లు నా పద్ధతిలో నడవనివ్వండి.

ఇట్లు,
రాధారాణి


ఫార్మింగ్టన్ హిల్స్
ఆగస్టు 11, 2025

వదినగారూ,

నమస్కారం రాసే ఓపిక కూడా లేదు.

ఎవరిని అడిగి కత్తెర పెట్టారు? మొన్న శుక్రవారం మీరు చేతికి తొమ్మిది ముడుల తోరం కట్టుకునే ఉంటారు. ఎవరైనా వచ్చి దాన్ని కత్తిరించి చెత్తబుట్టలో వేస్తే ఊరుకుంటారా? మీ తోరం తోరమూ, ఆ పోగులు జిడ్డోడే దారపు ముక్కలూనా?

మీరు పారేసినవి ఏమిటో నేను చెప్పలేను. ఒకరికి మాటిచ్చాను. ఆ మాట కోసం ఇన్నాళ్లూ నోరు కట్టుకుని ఉన్నాను, ఇప్పుడూ ఉంటాను. కానీ ఇది మాత్రం వినండి. ఏడింట్లో ఒక పోగు చిలకపచ్చది, కొత్తది. సింకు కింద, చీపురుకట్టలో, ఎక్కడైనా చిక్కుకుందేమో వెతకండి. కనీసం అదైనా దొరకాలి.

అమ్మను చెప్పుల మీద నుంచి ఈ ఉత్తరం చదివిన క్షణాన తీయండి. చైనా అని నవ్వారు. నవ్వండి. నేను రోజూ బొట్టు పెట్టాను. ఆషాఢం మొదలైన రోజు చిన్న గిన్నెలో పెరుగన్నం పెట్టి, వేపాకు దొరక్క కరివేపాకు గుచ్చి బోనం కూడా చేశాను. దిష్టి తగలకుండా వెనకాల నిమ్మకాయ పెట్టి వచ్చాను. అమ్మ ఏ దేశంలో పుడితేనేం, ఒళ్లో బిడ్డ ఉంది కదా. ఒళ్లో బిడ్డ ఉన్న అమ్మను చెప్పుల మీద ఎవరు పెడతారు? ఇంత చదువు చదివి ఇదా మీరు నేర్చుకున్నది?

బొమ్మ పైఅరలోకి చేరిందని ఒక ముక్క రాయండి. ఇంకేం రాయక్కర్లేదు.

రత్నం


డబ్లిన్
ఆగస్టు 17, 2025

రత్నం గారికి,

మీరు చిలకపచ్చ పోగు అని రాయకపోతే నాకు అనుమానమే వచ్చేది కాదు. వచ్చింది. లేచి వెళ్లి నమ్రత బట్టల అల్మరా తీశాను. మంగళగిరిలో మగ్గం దగ్గర కూర్చుని నేను నేయించిన చిలకపచ్చ చున్నీ, కొంగు చివర పోగు లాగేసి ఉంది.

నల్లటి బొమ్మ. నడుముకు ముడులు. కుంకుమ. వెనకాల ఎండిన నిమ్మకాయ. నా కూతురి ఒంటిమీది బట్టలోంచి తీసిన దారం. ఎవరికీ చెప్పకూడదని ఒట్టు. ఇదంతా ఏమిటండీ? పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని, చేతబడి అనే మాట రాయడానికి నాకే సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను. మా అమ్మాయి మీద ఏం చేయించారు?

దాని పరిస్థితి ఎలా ఉందో చెప్పనా? అన్నం సహించడం లేదు. చేపల పులుసు పెడితే గదిలోకి పారిపోయింది. మొహం పీక్కుపోయింది. అడిగితే "ఐ యామ్ ఫైన్ అమ్మా, కొంచెం ఎసిడిటీ" అంటుంది. పెళ్లయి ఏడేళ్లయినా పిల్లల్లేరని మీ వైపు వాళ్లు వెనకాల ఏమనుకుంటారో నాకు తెలియంది కాదు. వదిలించుకుని మీ కొడుక్కి ఇంకొకరిని తెద్దామనా?

బొమ్మ పైఅరలోకి చేరలేదు. ఇంట్లోనే లేదు. గురువారం కిరణ్ కూరగాయల కోసం కొట్లోకి వెళ్లినప్పుడు, పార్కింగ్‌లో పాత బట్టలూ సామాన్లూ దానంగా వేసే పెద్ద ఇనప డబ్బా ఉంటే, సంచితో సహా అందులో పడేశాను. లోపల పడ్డ చప్పుడు వినగానే నా ప్రాణం కుదుటపడింది.

ఆ సాయంత్రం నమ్రత చెప్పుల స్టాండు దగ్గర ఆగిపోయింది. "అమ్మా, ఇక్కడ బ్రాస్ స్టాచ్యూ ఏది?" అంది. తీసేశానన్నాను. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఒక బొమ్మ కోసం మూడు రోజులుగా మంచం దిగడం లేదు, ఆఫీసు మీటింగులు కూడా పడుకునే చేస్తోంది. దాన్ని మీరు ఎంతగా లొంగదీసుకున్నారో అప్పుడు అర్థమైంది.

ఇక నాకు ఉత్తరాలు రాయకండి. రాస్తే అల్లుడికి చూపిస్తాను.

రాధారాణి


ఫార్మింగ్టన్ హిల్స్
ఆగస్టు 24, 2025

వదినగారూ,

చూపించండి. ఈ ఉత్తరం మాత్రం చూపించే ముందు మీరొక్కరే కూర్చుని చదవండి.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం నమ్రత బాత్రూంలోకి వెళ్లి గంటైనా బయటికి రాలేదు. తలుపు కొట్టాను. "ఏమైంది బిడ్డా, గింతసేపాయె, తలుపు తియ్యరాదు" అన్నాను. తీసింది. నేల మీద కూర్చుని ఉంది. జగిత్యాల చుట్టూ ఊళ్లలో ముప్పై ఏళ్లు ఏఎన్ఎంగా తిరిగినదాన్ని, నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మూడో నెలలో పోయింది. అలా పోవడం అది మూడోసారి.

మొదటిది మీకు తెలుసు, నాలుగేళ్ల కిందట వాళ్లు పార్సిప్పనీలో ఉన్నప్పుడు. రెండోది మనిద్దరిలో ఎవరికీ చెప్పలేదు. మూడోదీ చెప్పేది కాదు, నేను ఆ ఇంట్లో ఉన్నాను కాబట్టి తెలిసింది. "అమ్మకు ఫోన్ చేద్దాం బిడ్డా, కన్నతల్లి కదా" అన్నాను. "వద్దత్తయ్యా. అమ్మ ఫస్ట్ అడిగేది నేనేం తిన్నాననే" అంది. ఆ మాట నాకు అర్థం కాలేదు. మీకు అర్థమవుతుందనుకుంటా.

పక్కింట్లో లీ గారని ఒక పెద్దావిడ ఉంది, మీరు చూసే ఉంటారు, టోపీ పెట్టుకుని ఉల్లికాడల మడికి నీళ్లు పోస్తుంటుంది. నాకు వచ్చిన ఇంగ్లిషు ముక్కలెన్నో ఆవిడకూ అన్నే. ఫోన్‌లో మాటలు మార్చి చెప్పే యాప్ ఒకటి పెట్టుకుని మాట్లాడుకునేవాళ్లం. నమ్రత మొహం చూసి ఆవిడకు అర్థమైంది. వారం తరవాత ఎర్రగుడ్డలో చుట్టి ఆ బొమ్మను తెచ్చింది. పిల్లల్నిచ్చే అమ్మవారట. ఆవిడ నియాంగ్‌నియాంగ్ అంటుంది, నేను ఇత్తడమ్మ అన్నాను. వాళ్ల అమ్మగారి కాలం నుంచి ఇంటింటికీ అరువుగా తిరుగుతోంది. బిడ్డ కావాలనుకున్న మనిషి తన ఒంటిమీది బట్టలోంచి ఒక పోగు తీసి నడుముకు కట్టాలి. బిడ్డ పుడితే ఆ తల్లే తన పోగు తెంపుకుని, చిన్న చెప్పుల జత జోడించి అమ్మను తిరిగి ఇచ్చేయాలి. పుట్టకపోతే పోగును అలాగే వదిలి ఇవ్వాలి, అమ్మ మరిచిపోకుండా ఉండటానికి.

మీరు కత్తిరించిన ఆరు పాత పోగులు అలా మిగిలిపోయిన ఆరుగురివి. ఒకటి లీ గారి చెల్లెలిది. ఆమె పోయి పదేళ్లయింది. మీరు నాలుగుసార్లు తోమి వదలగొట్టింది మసి కాదు. అగరొత్తుల పొగా, పట్టుకున్న ఆడవాళ్ల చేతులూ కలిసి అయిన నలుపది. ఏడో పోగు, ఆ చిలకపచ్చది, మీ నమ్రత తన చేత్తో కట్టుకున్నది.

నేను నర్సును. బొమ్మ బిడ్డనిస్తుందన్న భ్రమ నాకు లేదు. డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను, మందులు నడుస్తున్నాయి. కానీ వారం రోజులు సరిగ్గా ముద్ద ముట్టని పిల్ల ఆ పోగు కట్టిన పూట కంచం నిండా తిన్నది. అది చూశాక నేను ఆ బొమ్మకు బొట్టు పెట్టకుండా ఉండలేకపోయాను.

ఇక ఇచ్చిన మాట తప్పుతున్నాను. నమ్రతకు మూడో నెల, జులైలో నాకు ఫోన్ చేసి చెప్పింది. పదో వారం నడుస్తోంది. ముందు మూడుసార్లూ ఈ వారాల్లోనే పోయింది. అది ఎసిడిటీ కాదు. కాఫీ వాసన పడకపోవడం నా టీ వల్ల కాదు. ఒక్క ఇంట్లో, రెండు గదుల అవతల ఉండి మీరు చూడలేదు. చేతబడి మాత్రం కనిపించింది మీకు.

మీకు తెలిసిందని దానికి తెలియకూడదు. తనంతట తను చెప్పేదాకా ఆగండి. ఏమీ అడగకండి. అమ్మను వెతికి తెండి. అరువు సొమ్ము అది, నా మాట మీద ఇచ్చారు. దొరక్కపోతే లీ గారి గుమ్మంలో మీరే నిలబడి చెప్పుకోండి.

రత్నం


డబ్లిన్
సెప్టెంబరు 3, 2025

రత్నం గారికి,

పార్సిప్పనీ నుంచి ఫోన్ వచ్చిన రోజు నేను అన్న మాటలు నాకు బాగా గుర్తున్నాయి. "ఏం తిన్నావే? బొప్పాయి గానీ తిన్నావా? లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకోవద్దని చెప్పానా లేదా?" అన్నాను. అది "నో అమ్మా, నో అమ్మా" అంటూనే ఉంది. జాగ్రత్త చెబుతున్నాననుకున్నాను.

1989లో నాకు అయిదో నెలలో పోయింది. నమ్రత పుట్టడానికి రెండేళ్ల ముందు. మా అత్తగారు మంచం పక్కన నిలబడి ఒకటే ప్రశ్న వేశారు. "ఏం తిన్నావు?" ఆ ఒక్క మాటకు ఆవిడ పోయేదాకా నేను ఆవిడను క్షమించలేదు. అదే మాట నా నోట్లోంచి నా కూతురికి వెళ్లిందని నాలుగేళ్లుగా నాకు తట్టనే లేదు. ఈ సంగతి నమ్రతకు తెలియదు. మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. మీకెందుకు రాస్తున్నానో నాకే తెలియదు. మీరంటే నాకు పడదు కాబట్టి రాయగలుగుతున్నానేమో.

మీరు నాకు చేసిన మేలుకు కృతజ్ఞతలు చెప్పాలని పెద్దమనిషి తరహాలో రెండుసార్లు మొదలుపెట్టి కాగితం చింపేశాను. మీరంటే నాకు ఒళ్లు మంట. చేతబడి కోసం కాదు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా కూతురు నేల మీద కూర్చుని తలుపు తీసింది మీకు. అందుకు.

బొమ్మను వెతుకుతున్నాను. రెండిళ్ల అవతల రేణు అని మనవాళ్ల అమ్మాయి ఉంది. ఆ అమ్మాయికి దానిమ్మ చెట్టు ఎలా కత్తిరించాలో నేర్పిస్తానని ఇంట్లో చెప్పి ఆమె కారెక్కాను. ఆ డబ్బా మీదున్న నంబరుకి ఫోన్ చేస్తే, ఏ సామాను ఏ దుకాణానికి పోతుందో చెప్పలేమన్నారు. దానంగా వచ్చిన సామాన్లు అమ్మే వాళ్ల దుకాణాలు చుట్టుపక్కల ఆరు ఉన్నాయట. మూడు చూశాం. లేదు.

ఇంట్లో ఏమీ తెలియనట్టు తిరగడం నా వల్ల కావడం లేదు. అది బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పుతుంది, లోపలి చప్పుడు నాకు వినపడకూడదని. నేను బయట మిక్సీ వేస్తాను, వినపడనట్టు. కాఫీ కాచడం మానేశాను. నాకే పడటం లేదని చెప్పాను. చేపలు తేవద్దని అల్లుడికి చెప్పాను. ఇంతకంటే ఏం చేయాలో తెలిస్తే రాయండి. తెలియకపోతే తిట్లు మాత్రం రాయకండి, నా దగ్గర సరిపడా ఉన్నాయి.

రాధారాణి


ఫార్మింగ్టన్ హిల్స్
సెప్టెంబరు 10, 2025

వదినగారికి,

మీ ఉత్తరం మడత దగ్గర తడి మచ్చ ఉంది. మజ్జిగ మచ్చయితే ఈ వాక్యం చదవనట్టే అనుకోండి.

నేనంటే మీకు ఒళ్లు మంటగా ఉన్నా నాకు నొప్పి లేదు. నా ఇద్దరు కొడుకుల్లో ఒక్కడూ నాకు ఏదీ తలుపు తీసి చెప్పలేదు. మీ పిల్ల చెప్పిందని నేనూ కొంచెం గర్వపడ్డాను. నిజం చెప్పాలంటే మీకు తెలియదని లోపల్లోపల సంతోషపడ్డాను కూడా. ఆ పాపం నాది. కానీ నన్ను చేతబడి చేసేదాన్ని అన్నారు. అది నేను మరిచిపోను. మీరు వెనక్కి తీసుకున్నా సరే.

మీరు చేయాల్సింది ఏమీ లేదు. కాఫీ మానేశారు, అదే చాలు. నెత్తిన చేయి పెట్టి ఓదార్చకండి, వెంటనే పట్టేస్తుంది. పన్నెండు వారాలు దాటాయి. నిన్న ఫోన్‌లో నవ్వింది.

మిగతా మూడు దుకాణాలూ చూడండి. రేణుకు దానిమ్మ చెట్టే లేదు, నాకు తెలుసు. ఇంకో అబద్ధం వెతుక్కోండి.

రత్నం


డబ్లిన్
అక్టోబరు 19, 2025

రత్నం వదినగారికి,

దొరికింది. అయిదో దుకాణంలో, పాత టోస్టర్లకూ పూలకుండీలకూ మధ్యన. కింద చీటీ అంటించి ఉంది. "డెకొరేటివ్ బ్రాస్" అని రాసి ఉంది. ఆ తళతళకు నాకే తల తిరిగింది. అంత మెరుపు నా చేతి పనే.

ఇంటికి తీసుకెళ్లలేదు. నేరుగా లీ గారి గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాను. యాప్ పెట్టడం నాకు రాదు. బొమ్మను చేతిలో పెట్టి, తోమినట్టు, కత్తిరించినట్టు చేత్తో చూపించి, నేనే చేశానని నా గుండె మీద వేలు పెట్టి ఇంగ్లిషులో "మీ, మీ" అన్నాను. ఆవిడ బొమ్మ నడుము తడిమి చూసింది. తలుపు వేసేసింది. బడిలో ఎంతమంది పిల్లల్ని బెంచీ ఎక్కించానో, ఆ అందరి ఉసురూ ఆ గుమ్మంలో నాకు తగిలింది.

నాలుగు రోజుల తరవాత ఆవిడే వచ్చింది. నమ్రత ఆఫీసులో ఉంది. ఎర్రగుడ్డ విప్పితే, నడుముకు ఆరు పోగులున్నాయి. అన్నీ కొత్తవి. తన బట్టల్లోంచే తీసి కట్టినట్టుంది. ఒక్కో పోగు మీదా వేలు పెట్టి ఒక్కో పేరు చెప్పింది. ఆరుగురి పేర్లూ ఆవిడకు నోటికి వచ్చు. ఆఖరి పేరు దగ్గర కాసేపు ఆగింది. అది చెల్లెలిదని మీరు రాశారు కాబట్టి నాకు తెలిసింది. "బేబీ నో కమ్ యెట్. యూ కీప్" అని మళ్లీ నా చేతిలో పెట్టింది. అయినా బొమ్మ మొహం చూసి "టూ షైనీ" అని మాత్రం అంది, కోపంగానే.

ఆవిడ వెళ్లాక నా మెరూన్ నేతచీర కొంగులోంచి ఒక పోగు లాగి ఏడోదిగా కట్టాను. 1989 నాటిదానికి. ముప్పై ఆరేళ్ల తరవాత కట్టడానికి వీలుందో లేదో నేను ఎవరినీ అడగలేదు, మీరూ చెప్పకండి. బొమ్మను పైఅరలో, గుమ్మం వైపు మొహం పెట్టి ఉంచాను.

సాయంత్రం నమ్రత వచ్చి, బ్యాగు భుజానే ఉంచుకుని చాలాసేపు అల్మరా ముందు నిలబడింది. పోగులు లెక్కపెట్టింది.

"ఈ మెరూన్‌ది ఎవరిదమ్మా?" అంది.

"నాది" అన్నాను. చెప్పాను. మంచం సంగతి, మా అత్తగారు అడిగిన మాట, అన్నీ చెప్పాను. అదే మాట నిన్నూ అడిగాను కదే, అన్నాను. అది బ్యాగు కింద పెట్టి సోఫాలో కూర్చుంది. తరవాత అదే చెప్పింది, ఒక్కొక్కటీ, మీరు రాసినవన్నీ. మొదటిసారి విన్నట్టు నటించాల్సిన పని లేకపోయింది. దాని నోట వింటుంటే నాకు నిజంగానే మొదటిసారి విన్నట్టుంది. ఇప్పుడు అయిదో నెల. ఆడపిల్లో మగపిల్లాడో తెలుసుకోలేదట.

చెప్పడం అయ్యాక నా మొహం వైపే చూస్తూ కూర్చుంది. నేనేం అడుగుతానో అని చూస్తోందని నాకు తెలుసు. ఏళ్ల అలవాటు, ఆ ప్రశ్నే నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"ఏం తినాలనుందే?" అని అడిగాను.

ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. ఈసారి మచ్చ మజ్జిగది కాదు. తరవాత లేచి వెళ్లి చిలకపచ్చ చున్నీ తెచ్చుకుని, ఇంకో పోగు తీసి కట్టుకుంది. మీరు నాకు ముందే చెప్పేశారన్న సంగతి అది అడగలేదు, నేను చెప్పలేదు. మీ పరువు కాపాడానని పొంగిపోకండి. నాది కాపాడుకున్నాను.

దీంతో మనిద్దరం ఒకటయ్యామని కూడా అనుకోకండి. నా గడువు డిసెంబరు ఆఖరుకు అయిపోతుంది. జనవరిలో మళ్లీ మీరే వస్తారు. పురుడు మార్చిలో. అంటే ఆ బిడ్డను ముందు మీరే ఎత్తుకుంటారు, పచ్చ పోగు తెంపేటప్పుడు పక్కన మీరే ఉంటారు. దీని గురించి నేను ఇంకా ఏమీ రాయలేను, కాబట్టి రాయను.

ఈ ఉత్తరం అసలు రాస్తున్నది వేరే పనికి. నేను ఏం తినాలనుందని అడిగానా, కళ్లు తుడుచుకుని అది ఏమందో తెలుసా? "అత్తయ్య చేసే సర్వపిండి."

చేశాను. బియ్యప్పిండి, నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, కారం, నాకు తెలిసినవన్నీ వేసి గిన్నెకు అద్ది, వేలితో చిల్లులు పెట్టి, నూనె పోసి మూత పెట్టాను. రెండుసార్లు చేశాను. రెండుసార్లూ కంచంలో ఒక్క ముక్క మిగల్చకుండా తిని, "చాలా బాగుందమ్మా, కానీ అత్తయ్యది ఇలా ఉండదు" అంది.

కొలతలు రాయండి. నీళ్లు వేడివో చన్నీళ్లో రాయండి. ఫోన్ చేయకండి. పోస్టులోనే పంపండి, త్వరగా.

రాధారాణి